ఎరగా వచ్చి బిడ్డగా పెరిగిన డేగ

కెనడా పశ్చిమ తీరంలో, వాంకూవర్ ద్వీపం మీద, విక్టోరియా నగరానికి ఉత్తరాన సిడ్నీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి షోల్ హార్బర్ వలస పక్షుల సంరక్షణ ప్రాంతంలో చెట్టు మీద ఉన్న ఒక గద్ద గూటిని 2017 వేసవి ఆరంభంలో పరిశీలిస్తున్నవారికి, మూడు గద్ద పిల్లల మధ్య వాటిలో సగం కూడా లేని నాలుగో పిల్ల ఒకటి కనిపించింది. అది ఆ గద్దల పిల్ల కాదు. ఎర్రతోక డేగ పిల్ల. పెద్ద గద్దలు తెచ్చిన ఆహారాన్ని చీల్చి తమ పిల్లల నోటికి అందించినట్టే దాని నోటికీ అందిస్తున్నాయి. చూడవచ్చినవారు దానికి స్పంకీ అని పేరు పెట్టారు. గడుసుది, జంకు లేనిది అని ఆ మాటకు అర్థం.

తెలుగు పత్రికల్లో బట్టతల గద్ద అని రాస్తున్న పక్షి ఈ గూటి గద్దే. నిజానికి దాని తల బోడి కాదు. ఇంగ్లీషులో 'బాల్డ్' అనే మాటకు పూర్వం తెల్లమచ్చ కలిగినది అనే అర్థం కూడా ఉండేది. నాలుగైదేళ్లు నిండిన గద్దకు తల, తోక పాలవలె తెల్లబడతాయి కనుక ఆ పేరు వచ్చింది. అందుకని ఈ వ్యాసంలో దాన్ని తెల్లతల గద్ద అనే అంటాను. మన సముద్ర తీరంలో చేపల కోసం తిరిగే తెల్లపొట్ట సముద్రపు గద్దకు ఇది దగ్గరి చుట్టం. ఎర్రతోక డేగ సంగతి కొంచెం చిక్కు. మనం డేగ అనేది సాధారణంగా తోటల్లో పిట్టలను, తొండలను పట్టే సన్నని చిన్న వేటపక్షిని. ఎర్రతోక డేగ దానికంటే బరువైనది, వెడల్పాటి రెక్కలతో పొలాల మీద గిరికీలు కొడుతూ ఎలుకలను, ఉడుతలను, కుందేళ్లను వేటాడేది. ఉత్తర అమెరికాలో రహదారుల పక్క స్తంభాల మీద కూర్చుని కనిపించే వేటపక్షుల్లో ఎక్కువ భాగం ఇవే.

ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధం ఏమిటో తెలిస్తే తప్ప ఆ గూటి దృశ్యంలోని వింత బోధపడదు. ఆడ తెల్లతల గద్ద 6 కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు 2 మీటర్లు దాటుతుంది. పెద్ద డేగ బరువు ఒకటి, ఒకటిన్నర కిలో మాత్రమే. రెండు జాతులూ ఒకే రకమైన ఎత్తయిన చెట్లను గూళ్లకు ఎంచుకుంటాయి, ఒకే ఆకాశాన్ని పంచుకుంటాయి, ఎదురుపడితే కలహిస్తాయి. తన గూటి వైపు వచ్చిన గద్దను డేగ పైనుంచి దూకి తరుముతుంది; అదను దొరికితే గద్ద ఆ గూటిలోని పిల్లలను తన్నుకుపోతుంది. కోడిపిల్లను గద్ద తన్నుకుపోవడం మన పల్లెల్లో చూసినవారికి ఈ పని వేరే వివరించనక్కరలేదు. అటువంటి గద్ద, తనకు ఆహారం కావలసిన పిల్లకు తానే ఆహారం పెట్టడం ఎలా జరిగింది?

సిడ్నీ గూటి వార్త వెలువడగానే మూడు ఊహలు ముందుకు వచ్చాయి. ఆడ డేగ ఎలాగో వచ్చి గద్ద గూట్లో గుడ్డు పెట్టి వెళ్లి ఉంటుందన్నది మొదటిది. డేగలు వాడుకుంటున్న గూటిని గద్దలు ఆక్రమించుకోగా అందులో మిగిలిన గుడ్డు వాటి గుడ్లతో పాటే పొదగబడి ఉంటుందన్నది రెండవది. గద్ద ఏదో డేగ గూటి మీద పడి, పిల్లను తన పిల్లలకు ఆహారంగా పట్టి తెచ్చి ఉంటుందని, కాళ్ల గోళ్లు లోతుగా దిగకపోవడం వల్ల అది ప్రాణంతో గూట్లో పడి ఉంటుందని, ఆకలిగా ఉండి అరవసాగిందని, ఆ అరుపు విని గద్ద దానికి తినిపించిందన్నది మూడవది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం వేటపక్షుల మీద పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న డేవిడ్ బర్డ్ (ఆయన ఇంటిపేరే పక్షి) ఈ మూడవదాని వైపే మొగ్గారు.

మొదటి రెండు ఊహలు వినడానికి తేలికగా ఉన్నా, పక్షుల దినచర్యతో సరిపోల్చి చూస్తే నిలవవు. గద్దలు గుడ్లు పెట్టాక సుమారు 35 రోజులు వంతులవారీగా పొదుగుతాయి; గూడు ఖాళీగా ఉండే సమయం బహు తక్కువ. తనను తినగల పక్షి కాపలా కాస్తున్న గూట్లోకి దిగి, గుడ్డు పెట్టేంతసేపు కూర్చునే సాహసం డేగ చేస్తుందనుకోవడానికి ఆధారమేమీ లేదు. పైగా ఇతరుల గూళ్లలో గుడ్లు పెట్టే అలవాటు ఆ జాతికే లేదు. గూటి ఆక్రమణ మాట కూడా అంతే. గద్దలు ఒకే గూటిని ఏటేటా పుల్లలు చేర్చి పెంచుకుంటూ పోతాయి. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర 1963లో కొలిచిన ఒక గూడు దాదాపు 2.9 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల లోతు ఉండి, బరువు రెండు టన్నులు మించింది. అటువంటి గూడు కట్టేవారికి డేగ గూడు పునాదికి కూడా చాలదు.

మూడవ ఊహకు ఒక్కటే లోపం: అది జరుగుతుండగా ఎవరూ చూడలేదు. ఆ లోటు అయిదేళ్ల తరువాత తీరింది. సిడ్నీకి ఉత్తరంగా, ననైమో పట్టణానికి ఎదురుగా సముద్రంలో ఉన్న గాబ్రియోలా ద్వీపంలో, ఒక గద్ద గూటికి వన్యప్రాణి సంరక్షకులు అమర్చిన కెమెరా 2022 వేసవిలో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ ఉంది. ఆ గూట్లో ఒకే ఒక గద్ద పిల్ల ఉంది. జూన్ మొదట్లో గద్ద ఒక డేగ పిల్లను ప్రాణంతో తెచ్చి గూట్లో పడేసింది. చూస్తున్నవారు అది ఎంతోసేపు బతకదనే అనుకున్నారు. అది బతికింది; లేచింది; నోరు తెరిచి అడిగింది; గద్ద పెట్టింది. ప్రేక్షకులు దానికి మలాలా అని పేరు పెట్టుకున్నారు. జూలైలో అది రెక్కలు విప్పి గూడు వదిలిపోయింది. సిడ్నీలో ఊహగా మిగిలినది గాబ్రియోలాలో కళ్లకు కట్టింది.

ఇక్కడితో 'ఎలా వచ్చింది' అన్న ప్రశ్న తీరింది గాని, 'ఎందుకు పెట్టింది' అన్నది మిగిలే ఉంది. కథలు ఎక్కువగా అల్లుకున్నది కూడా ఈ చోటనే. శత్రువు బిడ్డ మీద జాలిపడిన తల్లి అని కొందరు, తన పిల్లకూ పరుల పిల్లకూ తేడా తెలియని మూఢ పక్షి అని కొందరు చెప్పుకున్నారు. రెండు మాటలూ గద్దకు మనిషి మనసును తొడిగి చెప్పినవే. గద్ద చేసిన పనిని అర్థం చేసుకోవడానికి జాలి గాని మూఢత్వం గాని అక్కరలేదు. పక్షుల్లో పిల్లల పెంపకం ఏ మీట నొక్కితే కదులుతుందో చూస్తే చాలు.

ఆ మీట పేరు అడగడం. గూట్లో ఒక చిన్న ప్రాణి మెడ చాచి, నోరు తెరిచి, ఆగకుండా అరిస్తే, పిల్లలను పెంచుతున్న పెద్దపక్షిలో తినిపించే చర్య దానంతట అదే మొదలవుతుంది. జంతువుల సహజ ప్రవర్తనను శాస్త్రంగా నిలబెట్టినందుకు కాన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి 1973లో నోబెల్ బహుమతి అందుకున్న నీకో టిన్‌బర్గెన్, సముద్రపు కాకి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ఈ విషయంలో ప్రసిద్ధం. తల్లి ముక్కు మీద ఉండే ఎర్రటి మచ్చను పిల్ల పొడిస్తే తల్లి ఆహారం కక్కుతుంది. తల్లి లేకపోయినా, ఎర్రని గుర్తు ఉన్న అట్టముక్కు చూపినా పిల్ల పొడుస్తూనే ఉంటుంది. అంటే పిల్ల చూస్తున్నది తల్లిని కాదు, ఒక గుర్తును. పెద్దపక్షుల వైపు నుంచి కూడా వ్యవహారం ఇదే. అమెరికాలో ఎర్రని కార్డినల్ పిట్ట ఒకటి నీటి తొట్టి గట్టున వాలి, పైకి తేలి నోళ్లు తెరుస్తున్న బంగారు చేపలకు పురుగులు తినిపించిన ఫొటో పక్షిశాస్త్ర పాఠాల్లో తరచు కనిపిస్తుంది. చేపకు, పిట్టపిల్లకు పోలిక ఒక్క తెరిచిన నోటిలోనే ఉంది. ఆ పిట్టకు అది సరిపోయింది.

అలాంటప్పుడు గద్ద తెచ్చిన ప్రతి ఎరా బిడ్డ కావాలి కదా అనిపిస్తుంది. కాదు. చేప నోరు తెరిచినా మెడ చాచి అరవదు. బాతు, నీటికోడి వంటివి గూటికి చేరే వేళకే ప్రాణం పోయి ఉంటుంది. ప్రాణంతో చేరిన వేరే పక్షి పిల్ల కూడా గద్ద పిల్లలా అడగాలి, గద్ద ముక్కుతో చీల్చిన మాంసాన్ని అందుకోగలగాలి, గింజలూ పురుగులూ కాక మాంసమే దాని తిండి కావాలి. డేగ పిల్లలో ఇవన్నీ కుదిరాయి. రెండూ మెత్తని నూగుతో ఉంటాయి, రెండింటికీ కొక్కెంలా వంగిన ముక్కే, రెండూ కీచుగొంతుతో అరుస్తాయి, రెండింటికీ పెద్దలు మాంసం ముక్కలు చీల్చి అందిస్తారు. తాళానికి సరిపోయే తాళంచెవి వంటిది డేగ పిల్ల. కొంగ పిల్లనో బాతు పిల్లనో తెచ్చినప్పుడు ఆ తాళం తెరుచుకోకపోవడానికి కారణమిదే.

ఇంతకీ గద్దకు తన పిల్ల ఏదో తెలియదా? ఈ ప్రశ్నకు జవాబు పక్షి తెలివిలో కాక అది గూడు కట్టుకునే తీరులో ఉంది. వేల సంఖ్యలో ఒకేచోట పిల్లలను పెంచే పెంగ్విన్‌లు గుంపులో తమ పిల్ల గొంతును పోల్చుకోగలవు. పోల్చుకోలేని పెంగ్విన్ పరుల పిల్లలకు పెడుతూ తన పిల్లను మాడ్చుకుంటుంది కాబట్టి ఆ శక్తి వాటికి అవసరమైంది. అమెరికాలోని వానకోయిల వంటి పిట్టల్లో కొండచరియలకు గుంపులుగా గూళ్లు అంటించే క్లిఫ్ స్వాలోలకు పిల్ల గొంతు తెలుసు. విడివిడిగా కట్టుకునే బార్న్ స్వాలోలకు అంతగా తెలియదు. రెండూ దగ్గరి జాతులే, తెలివిలో తేడా లేదు, కాపురంలో తేడా ఉంది. గద్ద కాపురం పూర్తిగా ఏకాంతం. దాని గూటికి పరుల పిల్ల తనంతట తాను నడిచి రాదు. 'నా గూట్లో ఉండి నోరు తెరిచినది నా పిల్లే' అనే ఒక్క సూత్రం తరతరాలుగా ఏ నష్టమూ లేకుండా పని చేసింది. అంతకంటే సూక్ష్మమైన పరీక్ష దానికి అక్కర లేకపోయింది.

ఇంకొక లెక్క కూడా ఉంది. అనుమానంతో తన పిల్లనే తోసిపుచ్చే పొరపాటు చేస్తే ఆ ఏటి సంతానం పోతుంది. పరుల పిల్లకు నెలో నెలన్నరో తిండి పెట్టే పొరపాటు చేస్తే, చేపలు దండిగా దొరికే తీరంలో, పోయేది కొద్దిపాటి శ్రమ మాత్రమే. రెండు పొరపాట్లలో ఒకటి ప్రాణాంతకం, రెండవది చౌక. అటువంటప్పుడు అనుమానించే స్వభావం కంటే నమ్మే స్వభావమే వంశంలో నిలుస్తుంది.

తెలుగు చదువరికి ఇక్కడ కోకిల గుర్తుకు రాకుండా ఉండదు. కోకిలకు పరభృతమని, అంటే పరులచేత పోషింపబడినదని పేరు. దాన్ని పోషించిన కాకికి పరభృత్తు అని పేరు. ఒక జీవసంబంధాన్ని రెండు వైపుల నుంచీ రెండు మాటల్లో పట్టుకున్న నిఘంటువు మనది. అయితే గద్ద, డేగల సంగతిని పరభృతమని అనడానికి లేదు. కోకిలది జాతివృత్తి: కాకి గుడ్డును పోలిన గుడ్డు, కాకి గూడు కట్టే కాలానికి సరిపెట్టుకున్న కాలం, కాకి పిల్లలతో పాటు పోటీపడి తినే పిల్ల, ఇవన్నీ వేల తరాల్లో కుదురుకున్నవి. ఐరోపా కోకిల పిల్ల మరీ ఘటికురాలు. ఒక్కతే ఉండి గూటినిండా పిల్లలు అరిచినంత వేగంగా అరుస్తుందని, అందుకే చిన్న పిట్టలు అంత పెద్ద పిల్లను మేపుతాయని కేంబ్రిడ్జి పరిశోధకులు 1990ల చివరలో చూపారు. మోసపోయిన జాతులు కూడా ఊరుకోలేదు. అనుమానపు గుడ్లను తోసేయడం కొన్ని నేర్చుకున్నాయి. డేగ విషయంలో ఈ ఎత్తుకు పైయెత్తు ఏదీ లేదు. డేగ జాతి గద్దను మోసగించలేదు, గద్ద జాతి డేగను కనిపెట్టి ఉండాల్సిన పని పడలేదు. జరిగింది ఒక ప్రమాదం.

దత్తత అనే మాట కూడా నాకు అంతగా రుచించదు. దత్తతలో ఎంపిక ఉంది, తెలిసి తీసుకోవడం ఉంది. గుజరాత్‌లోని గిర్ అడవిలో 2018 చివర ఒక ఆడసింహం తన రెండు పిల్లలతో పాటు దాదాపు రెండు నెలల చిరుత పిల్లను పెంచుతుండగా అటవీ సిబ్బంది, పరిశోధకులు గమనించారు. దానికి పాలిచ్చింది, వేట మాంసం పెట్టింది. సుమారు 45 రోజుల తరువాత ఆ చిరుత పిల్ల పుట్టుకతో ఉన్న హెర్నియా వల్ల చనిపోయింది. సింహం వంటి జంతువు పిల్లను వాసనతో, నాకడంతో దగ్గర చేసుకుంటుంది; మగ సింహాలు, చిరుతలు ఉన్న అడవిలో తన వెంట నడిపించుకుంటుంది. ఆ ఘటన వింతకు వింత. గద్దకు అంత అక్కరలేదు. గూడు కదలదు, పిల్ల గూట్లోనే ఉంటుంది, గూట్లో ఉన్నంత కాలం సూత్రం చెల్లుతుంది.

అయినా గూట్లో పెద్దల అనుగ్రహం ఒక్కటే చాలదు. గద్ద పిల్లలు ఒకదానికొకటి మంచివి కావు. గుడ్లు రెండు మూడు రోజుల తేడాతో పెట్టి, మొదటి గుడ్డు నుంచే పొదగడం వల్ల ముందు పుట్టినది పెద్దదై, తిండి తక్కువైన ఏట చిన్నదాన్ని పొడిచి చంపిన సందర్భాలు ఉన్నాయి. మరి వాటిలో సగం కూడా లేని డేగ పిల్ల ఎలా నెగ్గింది? కాలం కలిసివచ్చిందని చెప్పాలి. ఆ కొట్లాట తొలి వారాల్లో తీవ్రంగా ఉండి, తరువాత తగ్గుతుంది. డేగ పిల్ల వచ్చేనాటికి గద్ద పిల్లలు ఆ దశ దాటుతున్నాయి. తీరంలో తిండికి కొరత లేదు. కడుపు నిండిన పిల్ల పక్కదాని జోలికి పోదు. మూడవ కారణం డేగ పిల్ల ఎదుగుదలలోనే ఉంది. గద్ద పిల్ల ఎగరడానికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. డేగ పిల్లకు ఆరేడు వారాలు చాలు. పరిమాణంలో వెనకబడినా ఎదిగే వేగంలో అది ముందుంటుంది: ముందు నిలబడుతుంది, ముందు ఈకలు తెచ్చుకుంటుంది, ముక్క కోసం ముందుకు దూకి పట్టుకుని పక్కకు తప్పుకోవడం ముందు నేర్చుకుంటుంది. స్పంకీ అన్న పేరు ఊరికే రాలేదు.

అసలు చిక్కు గూడు దాటిన తరువాతిది. చేపలు పట్టే ఇంట్లో పెరిగిన డేగకు ఎలుకలను పట్టడం ఎవరు నేర్పుతారు? దీనికి జవాబు మన పెరట్లో ఉంది. బాతులు సరిగా పొదగవని కోడిపెట్ట కింద బాతు గుడ్లు పెట్టడం గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో తెలిసిన పనే. పిల్లలు పుట్టాక కోడి వాటిని కాలువ గట్టు దాకా వెంటబెట్టుకుపోతుంది. అవి చటుక్కున నీళ్లలోకి దిగి ఈదుతూ పోతుంటే కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ కొక్కరిస్తుంది. ఈత వాటికి కోడి నేర్పలేదు, బాతూ నేర్పలేదు. వేటపక్షుల్లో వేట కూడా చాలామట్టుకు అటువంటిదే. వేటకు డేగలను పెంచే సంప్రదాయం ఉన్న దేశాల్లో, గూటి నుంచి తీసుకున్న పిల్లను మనుషులే పెంచుతారు. చిన్న జంతువు కదిలితే చాలు, అది దూకుతుంది. మన దక్కనులోనూ ఆ వేట ఉండేది; సాళువమంటే వేటడేగ, విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుని వంశనామం అక్కడిదే. సిడ్నీ డేగ కూడా రెక్కలు వచ్చాక కొంతకాలం గూటి దరిదాపుల్లోనే ఉంటూ పెంచిన గద్దలు పెట్టినది తింటూ, మరోవైపు స్వయంగా వేటాడడం మొదలుపెట్టిందని పరిశీలకులు చెప్పారు. గురి కుదరడానికి అభ్యాసం కావాలి. గురి చూడాలన్న తలపు మాత్రం పుట్టుకతోనే వస్తుంది.

ఆహారం కంటే జటిలమైనది జోడు. తానెవరో పక్షి చిన్ననాడు తనను పెంచినవారిని చూసి గుర్తుంచుకుంటుందని, దాన్ని బట్టే పెద్దయ్యాక జోడును వెతుక్కుంటుందని లోరెంజ్ 1930లలోనే బాతుల మీద చూపారు. ఈ ముద్ర ఎంత బలమైనదో అమెరికాలో ఒక మంచి ఉద్దేశంతో చేసిన ప్రయత్నం తెలియజేసింది. అంతరించిపోయే దశకు చేరిన హూపింగ్ క్రేన్ అనే తెల్ల కొక్కెరలను పెంచడానికి, 1975 నుంచి ఐడహో రాష్ట్రంలోని గ్రేస్ లేక్ వద్ద వాటి గుడ్లను శాండ్‌హిల్ క్రేన్ అనే వేరే జాతి కొక్కెరల గూళ్లలో పెట్టారు. దాదాపు 300 గుడ్లు అలా మార్చారు. పిల్లలు పుట్టాయి, పెరిగాయి, పెంపుడు తల్లిదండ్రుల వెంట వలస దారి నేర్చుకున్నాయి. ఒక్కటీ తన జాతితో జత కట్టలేదు. పెంచిన జాతినే తమ జాతి అనుకున్నాయి. ఆ పథకాన్ని వదిలేయవలసి వచ్చింది.

డేగ పిల్లకూ ఇదే గతి పడుతుందా? రెండు తేడాలు గమనించాలి. కొక్కెరలు గుడ్డు నుంచి బయటపడిన క్షణం నుంచీ పరుల మధ్యే ఉన్నాయి. గద్ద తెచ్చిన డేగ పిల్ల మాత్రం తొలి రోజులు తన సొంత తల్లిదండ్రుల దగ్గర, తోబుట్టువుల పక్కన గడిపింది. పుట్టగానే కళ్లు విప్పి తల్లి వెంట నడిచే బాతు, కొక్కెర వంటి పక్షుల్లో ముద్ర గంటల్లో పడిపోతుంది. గూట్లో వారాలపాటు కదలకుండా పెరిగే వేటపక్షుల్లో అది నెమ్మదిగా పడుతుంది. అంటే డేగ పిల్ల మనసులో మొదటి అక్షరాలు డేగలవి, తరువాతి పేజీలు గద్దలవి. ఏ రాత పైకి తేలుతుందన్నది దాన్ని ఎత్తుకొచ్చిన రోజున దాని వయసును బట్టి ఉంటుంది.

ఇటువంటి గూళ్లు ఇటీవలే పుట్టుకొచ్చినవి కావు. మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో గద్ద గూళ్లలో ఎర్రతోక డేగ పిల్లలు కనిపించిన సంగతి 1990ల తొలినాళ్లలోనే వేటపక్షుల పరిశోధన పత్రికకు ఎక్కింది. 2023లో కాలిఫోర్నియాలో, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే మిల్పిటాస్ పట్టణం పక్క కొండల్లో మరొక గూట్లో ఇదే దృశ్యం కనిపించి ఫొటోగ్రాఫర్లు బారులు తీరారు. ఇవి ఇప్పుడు తరచు వినబడడానికి కెమెరాలు ఒక కారణం. రెండవది గద్దల సంఖ్య. డీడీటీ పురుగుమందు చేపల ద్వారా ఒంట్లో చేరి గుడ్ల పెంకులను పలచన చేయడంతో, అలాస్కాను, హవాయిని మినహాయిస్తే అమెరికాలో 1963 నాటికి 417 జంటలే మిగిలాయి. 1972లో ఆ మందును నిషేధించారు, 2007లో గద్దను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు. 2021లో ప్రభుత్వం ప్రకటించిన అంచనా ప్రకారం ఆ రాష్ట్రాల్లో సుమారు 71,400 జంటలు, మొత్తం 3,16,700 పక్షులు ఉన్నాయి. గద్దలు తిరిగి వచ్చి స్థిరపడిన చోట్లలో అప్పటికే డేగలు కాపురముంటున్నాయి. ఇరుగుపొరుగు పెరిగితే దోపిడీ పెరుగుతుంది; దోచి తెచ్చిన పిల్లల్లో నూటికో కోటికో ఒకటి గోళ్లకు తప్పించుకుని నోరు తెరుస్తుంది.

తప్పించుకోనివాటి మాట ఎవరూ ఫొటో తీయరు. డేగ గూట్లో సాధారణంగా రెండు మూడు పిల్లలు ఉంటాయి కనుక, గద్ద గూటికి చేరిన ఒక పిల్ల వెనుక ఖాళీ అయిన గూడొకటి ఎక్కడో ఉందని గుర్తుంచుకోవాలి. బతికిన డేగకు తిండి అందించిన గద్ద ముక్కే, దాని తోబుట్టువులను చీల్చినదీ అయి ఉండవచ్చు. గద్ద దృష్టిలో ఈ రెండు పనులకూ వైరుధ్యం లేదు. ఒకటి గూటి బయట కదిలినది, రెండవది గూటి లోపల అడిగినది.

ఆ గీత డేగకు అనుకూలంగా ఉండేది గూట్లో ఉన్నంతవరకే. ఎర్రతోక డేగకు తోక ఎర్రబడేది రెండవ ఏట. ఆ తరువాత ఏడాదికో రెండేళ్లకో జోడు దొరికితే అది తన గూడు కట్టుకుంటుంది. గద్దల ఇంట పెరిగిన డేగకూ ఆ రోజు వస్తే, గూట్లో తెల్లనూగు పిల్లలు ఉన్న వేళ ఆకాశంలో తెల్లతల ఒకటి కనబడితే, అన్ని డేగలూ చేసే పనే అదీ చేయాలి: ఎత్తుకు ఎగిరి, కాళ్లు చాచి, ఆ తల మీదికి దూకాలి.